ఆరు కళ్ళ బొమ్మల లోకనాథ్

పుట్టి బుద్ధెరిగి లోకనాథ్ మనిసి మొకాన్ని తిన్నగా గీసినోడు కాదు. భావనపాడులో పడవల మీద పేర్లు రాసుకుని బతుకుతాడు. అచ్చరమైతే అచ్చు గుద్దినట్టుంటాది. మనిసినైతే మాత్రం ఫోను ముందర నిలబెట్టి ఊగమంటాడు. ఫోనులో ఏదో నొక్కుతాడు, ఊగిన మొకం మూడు మొకాలై సాగిపోయి పడతాది. దాన్ని సూసి నల్లసిరాతో కాయితం మీద గీత్తాడు. రెండు కళ్ళతో ఎల్లినోడు ఆరు కళ్ళతో ఇంటికొత్తాడు.

నందిగాం సోమేశ్వరరావుకి కళ్ళతో పాటు మూడు మీసాలు కూడా వొచ్చీసినాయి. ఇదేటిరా అని అడిగితే, ఊగింది నువ్వు, గీసింది నాను, నా తప్పేటుంది బాబూ అన్నాడట. ఆయన పెళ్ళాం మాత్రం, ఇన్నాళ్ళకి మా ఆయన నిజరూపం దొరికిందని పటం కట్టించి గోడకి తగిలించింది.

అలాటోడు కూర్మయ్యకి బామ్మర్ది. కూర్మయ్య పలాసలో జీడిపిక్కలు కాల్చే కాడ కూలి. పిక్క తొక్కలో నూనె సెడ్డది, ఒంటికంటితే కాలిపోద్ది. కూతురు అనిత నిచ్చితార్తం దగ్గర పడిందన్న తొందరలో, ఆ నూనె సేత్తోనే సెమట తుడుసుకున్నాడు. సగం మొకం నల్లబడి తోలూడిపోనాది. ఆ కాడ్నించి తువ్వాలు సుట్టుకునే తిరుగుతున్నాడు, అన్నం కూడా గోడకేసి తిరిగే తింటన్నాడు. వియ్యపోళ్ళు సూత్తే కూతురు గుంట పరువు పోద్దని సిగ్గు.

ఇంటోళ్ళందరి బొమ్మా గియ్యి మావా అని అనిత లోకనాథ్‌ని పిలిసింది. కూర్మయ్య గొడ్లశాల ఎనక్కి పోయి కూకున్నాడు. అయ్య నేకుండా నాకు బొమ్మే వొద్దని అనిత కూలబడింది.

లోకనాథ్ గొడ్లశాల ఎనక్కెల్లినాడు. "బావా, ఊగిపోతే ఎవడి మొకం ఎవడిదో ఆ దేవుడికీ తెలీదు. రా."

తువ్వాలు తీసి ఓ కొసన నిలబడ్డాడు కూర్మయ్య. అందరికంటే ఆయనే ఎక్కువ ఊగినాడు. అమ్మోరు గానీ పూనీసిందేటని పెళ్ళాం బంగారమ్మ బెదిరిపోనాది.

నిచ్చితార్తం నాడు వియ్యపోళ్ళ ముందరే లోకనాథ్ సుట్టి తెచ్చిన ఆ బొమ్మ ఇప్పీసినాడు. అందరి మొకాలూ సగం నల్లసిరా. బంగారమ్మకీ అంతే, అనితకీ అంతే. కూర్మయ్యకి తల కొట్టేసినట్టయిపోనాది.

"నా మొకం కాలితే నా కర్మ. నా గుంట మొకానికి మసి పూసినావేటిరా?"

ఆ అరుపుకి మొకం మీద తువ్వాలు జారిపోనాది. లోకనాథ్ గోరు కింద సిరా గోక్కుంటూ మెల్లగా సెప్పినాడు.

"ఈ నలుపు నీ ఒక్కడికే ఎడితే మచ్చ బావా. అందరికీ ఎడితే ఇంటి పోలిక."

కూర్మయ్యకి పదిమందిలో అరిసినందుకు సిగ్గు, ఈడికి బుర్ర తిన్నగా నేదని ఇన్నాళ్ళూ ఊరంతా సెప్పుకు తిరిగినందుకు అంతకన్నా సిగ్గు. తువ్వాలు మీదకి లాక్కోబోయి, వియ్యపోళ్ళు అప్పటికే సూసీసినారని గుర్తొచ్చి ఒగ్గీసినాడు.

పెళ్ళికొడుకు సురేష్ లేసి, కుర్సీ ఎత్తుకొచ్చి లోకనాథ్ ఎదర ఏసుకున్నాడు. కూకుని అటూ ఇటూ ఊగడం మొదలెట్టీసినాడు.

"నానూ ఈ ఇంటోణ్ణే కదా మావా. నాకూ ఎట్టు."