చెంబులో తెచ్చిన మందు

ఈ రోజు మనవరాలి జ్వరానికి మందు కోసం చోడవరం గవర్నమెంటు ఆసుపత్రికి వెళ్లాను. అక్కడ మందు ఊరికే పోస్తారు గాని సీసా మనమే పట్టుకెళ్లాలి. మా ఇంట్లో ఉన్నది కిరసనాయిలు సీసా ఒక్కటే. బూడిదతో, చింతపండుతో చేతులు మండేదాకా కడిగాను.

కాంపౌండరు వాసన చూసి వెనక్కి తోసేశాడు.

"ఇందులో పోస్తే గుంట బతుకుతాదేటమ్మా?" అన్నాడు.

"బాగా కడిగేను బాబూ, ఇంకోపాలి సూడు."

"మందెందుకు మామ్మా, ఒత్తి ఏసి దీపం ఎలిగించుకో!" అని నా వెనకాల ఆవిడ అంది. వరసంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. మందు కిటికీ మూసే వేళయింది. నీళ్లకని తెచ్చుకున్న చెంబు ఖాళీ చేసి చాపాను. తిట్టుకుంటూనే అందులో పోశాడు.

గోవాడ వైపు బస్సులో నిలబడి వచ్చాను. చెంబుకి చెయ్యి అడ్డం పెట్టినా సగం మందు నా చీరే తాగింది.

ఇంటికొచ్చాక ఇంకో భయం పట్టుకుంది. సీసాకైతే గీతల కాగితం అంటిస్తారు, పూటకో గీత తాగించాలి. చెంబుకి గీత ఎక్కడిది? తక్కువైతే జ్వరం దిగదు, ఎక్కువైతే ఏమవుతుందో.

డాక్టరైనా దొరుకుతాడు గాని మాలాంటి ఇళ్లల్లో మంచి సీసా దొరకదు. మీ ఇంట్లో ఉంటే పారేయకండి. పొద్దుగూకింది, పిల్ల ఒళ్లు పెనంలా కాలుతోంది. గరిటె పట్టుకుని కూర్చున్నాను. ఎంత పొయ్యాలో మీలో ఎవరికైనా తెలుసునా?