వాసన లేని సీసా

మా తమ్ముణ్ణి తలుచుకుంటే ఈ మధ్య నాకు డోకొస్తోంది. కోపంలో ఏదో నోరు జారుతున్నానని అనుకోకండి, నిజంగానే కడుపులో తిప్పుతుంది. చిన్నప్పుడు కూడా తిప్పేది గానీ అప్పటి సంగతి వేరు.

అప్పట్లో వాడు మంచం కింద గాజు సీసాల్లో మట్టి, పంచదార నీళ్లు, కుళ్లిన ఆకులు వేసి, మూతికి గుడ్డ కట్టి దాచేవాడు. ఆ గదిలోకి అడుగు పెడితే పేగులు నోట్లోకి వచ్చేవి. వీధి వీధంతా వాణ్ణి కంపుగాడనే పిలిచేది. నేనైతే వాడు భోజనానికొస్తే ముందు చేతులు కడుక్కు రమ్మని తరిమేదాన్ని, వచ్చాక దూరంగా జరిగి కూర్చునేదాన్ని. అమ్మ పోయాక మమ్మల్ని పెంచింది పిన్ని. ఆవిడ ఒక్కతే వాడి దగ్గర ఏనాడూ ముక్కు మూసుకోలేదు. పైగా ఆ గుడ్డ విప్పి వాసన చూసి, బతికున్నదేదైనా కాస్త కంపు కొడుతుందిలేవే అని నన్నే కసిరేది. ఆ మాటకి వాడు ఏనుగెక్కినంత సంబరపడేవాడు.

చివరికి ఆ కంపే వాడికి కూడు పెట్టింది. మొక్కల వేళ్లకు మేలు చేసే సూక్ష్మజీవుల్ని డ్రమ్ముల్లో పెంచి అమ్మే కంపెనీలో చేరాడు. రేకుల షెడ్డు, గోడ వెంట నీలం డ్రమ్ములు, నేలంతా జిడ్డు. పొద్దున్నే వెళ్లి ఒక్కో మూతా ఎత్తి ముక్కు పెట్టేవాడు. తడిమట్టి వాసన, దాని వెనకే కాస్త పులుపు తగిలితే సరే. తగలకపోతే ఎవరేమన్నా ఆ డ్రమ్మంతా పారబోసేవాడు. వాడి చొక్కాలు ఉతకడానికి మా మరదలు చేతులకు తొడుగులు వేసుకునేది, పాపం.

నాది టమాటా నారు పెంచే నర్సరీ. ఎండ పడకుండా కట్టిన షేడ్‌నెట్ కింద ట్రేలు, ట్రేల నిండా కొబ్బరి పొట్టు, అందులో నారు. ఆ ట్రేల్లో వాడి డ్రమ్ము నీళ్లే పోసేదాన్ని. నారు కొన్నవాళ్లకు కూడా ఒక డబ్బాడు ఇచ్చి, నాటేముందు నారు వేళ్లు అందులో ముంచుకోమనేదాన్ని. మొక్క నిలదొక్కుకున్నాక ఆకుల మీద నానో రాగి నీళ్లు చల్లుకోవాలి. నానో అంటే మరేం లేదు, కంటికి ఆననంత సన్నటి రాగి రేణువులు. తెగులు రాకుండా కాస్తాయి. వేళ్లకు సూక్ష్మజీవులు, ఆకులకు రాగి, దేని చోటు దానిది. ఒకే గిన్నెలో కలిపితే తెగులును చంపే రాగి వీటినీ చంపుతుంది. ఈ ముక్క నాకు నేర్పింది మా తమ్ముడే.

ఆ కంపెనీకి కొత్త మేనేజరొచ్చాడు. రైతుకి రెండు పనులెందుకు, రెండూ ఒకే సీసాలో పోసేయండి అన్నాడు. మావాడు పోసి చూశాడు. కొద్దిరోజుల్లోనే సీసాలో జీవమన్నది మిగల్లేదు. ఆ నీళ్లలో ముంచిన నారుకు వేళ్ల కొసలు నల్లబడ్డాయి. తీసుకెళ్లి మేనేజరుకు చూపించాడట. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, సీసా రంగు బాగుందయ్యా, షెడ్డుకి నిన్నే ఇన్‌చార్జిని చేద్దామనుకుంటున్నాను అన్నాడట. అంతే, మావాడి నోటికి తాళం పడింది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా కంపెనీవాళ్లు నా నర్సరీ ముందు పెద్ద బోర్డు పాతారని. ఈ నారు మా కొత్త సీసాతోనే పెరిగింది అని దాని మీద రాశారు. నాకు మాత్రం తమ్ముడు లేబుల్ లేని క్యాను ఒకటి తెచ్చిచ్చేవాడు. ఇదేంట్రా అంటే, సీసాలోదీ ఇదీ ఒకటే, ఇంట్లోవాళ్లకి లేబులెందుకక్కా అని నవ్వాడు. క్యాను మూత తీస్తే ఎప్పటి కంపే గుప్పుమంది కాబట్టి నేను మళ్లీ అడగలేదు. నారు ఏపుగా వచ్చింది. వచ్చినవాళ్లందరూ నారు చూశారు, బోర్డు చూశారు, సీసాలు కొనుక్కుపోయారు. పిన్ని కూడా కొనుక్కుంది. నన్నొక మాట అడగనైనా లేదు. నారు నాది, మందు వాడిది, ఇంకా అడగాల్సిందేముంది ఆవిడకి.

పిన్నికున్నది ఒకే ఒక్క మడి. ఏడాదంతా ఆవిడ బతకాల్సింది ఆ టమాటా మీదే. మొక్కలు మధ్యాహ్నానికి తలలు వాల్చేస్తున్నాయి, సాయంత్రమైనా లేవడం లేదు, ఒకసారి వచ్చి చూడమ్మా అని కబురు పెట్టింది. వెళ్లి ఒక మొక్క పీకాను. వేళ్లు నల్లగా, జిగటగా చేతికి అంటుకున్నాయి. ఇంకొకటి పీకాను, అదీ అంతే. ఏం పోశావు పిన్నీ అంటే సీసా తెచ్చింది. మూత తీసి వాసన చూశాను. కడిగి బోర్లించిన గ్లాసులా ఏ వాసనా లేదు. ఇన్నేళ్లు వాడి కంపును తిట్టుకున్న ముక్కు నాది. అది లేకపోయేసరికి సీసా ముక్కుకి ఆనించి మళ్లీ మళ్లీ పీల్చాను.

అక్కణ్ణుంచి అటే వాడి ఆఫీసుకెళ్లాను. ఇప్పుడు వాడికి విడిగా గది, ఇస్త్రీ చొక్కా, ఒంటి మీద సెంటు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను నోరు తెరవకముందే, "నీ క్యానులోది బానే ఉందిగా అక్కా," అన్నాడు.

"మరి సీసాలోది?"

అప్పుడు కక్కాడు అంతా. చెప్పి ఊరుకున్నాడా, "నీ నారుకి ఏం కాకూడదనే కదక్కా నీకు విడిగా తెచ్చిచ్చాను," అన్నాడు, నాకేదో మహోపకారం చేసినట్టు. ఛీ! నా నారును ఎరగా గుచ్చి, నన్నే మెచ్చుకోమంటున్నాడు. పిన్ని మడి సంగతి చెప్పాను. మొహం పాలిపోయింది. పిన్ని కొంటుందని అనుకోలేదట. అంటే ముక్కూ మొహం తెలియనివాళ్ల మళ్లు ఎండితే వాడికి నిద్ర పడుతుందన్నమాట. వాడి బల్ల మీదున్న నీళ్లు తాగబుద్ధి కాలేదు నాకు. పద, పిన్నికి నీ నోటితోనే చెప్పు అని లేవదీశాను.

పిన్ని మడి గట్టున కూర్చుని ఉంది. వాణ్ణి చూడగానే లేచి, ఎండన పడి వచ్చావా అని తన గొడుగు వాడి నెత్తిన పట్టింది. వాడింకా గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు, ఆవిడే మొదలుపెట్టింది.

"నీ మందు మంచిదే నాన్నా. అక్క నారు చూశాగా. నా చేతిలోనే ఏదో తేడా ఉంది. ఎక్కువసేపు ముంచేశానేమో."

నేను వాడి మొహంలోకి చూశాను. ఒక్క మాట చాలు. వాడు బూటు కొసతో మట్టి గెలికి, "అవును పిన్నీ, ఇంకాస్త పల్చగా కలపాల్సింది," అన్నాడు.

నల్లబడిన ఆ వేళ్లు పట్టుకున్నప్పుడు కూడా నాకంత రోత పుట్టలేదు. నోట్లో చేదు ఊరితే పక్కకి తిరిగి ఉమ్మేశాను.

"నీ చేతిలో ఏ తేడా లేదు పిన్నీ," అన్నాను. "ఆ సీసాలో మందు చచ్చి చాలాకాలమైంది. వేళ్లు మాడతాయని వీడికి ముందే తెలుసు. నా బోర్డు పీకి పారేస్తాను, నా దగ్గర మిగిలిన నారంతా తెచ్చి నీ మడిలో మళ్లీ నాటుదాం."

పిన్ని నన్ను చూడలేదు. వాణ్ణే చూస్తూ, చాలా నెమ్మదిగా అడిగింది.

"అక్క ట్రేల్లో పోసింది కూడా ఈ సీసాలోదేనా నాన్నా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. పిన్నీ అంటూ ఒక అడుగు ముందుకేశాడు. వాడి దగ్గర సెంటు వాసన తప్ప ఇంకేమీ రావడం లేదు. పిన్ని గొడుగు వెనక్కి తీసుకుని, మెడలో ఉన్న తువ్వాలు లాగి ముక్కుకు అడ్డం పెట్టుకుంది.