ఆదెమ్మ గుమ్మానికి వేపమండలు

చందర్లపాడులో ఆ ఎండాకాలం మశూచి ఇల్లిల్లూ తిరుగుతోంది. కూలికి పోయే ఆదెమ్మకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఒళ్లంతా పొక్కులతో కూతురు కృపావతి మంచంలో ఉంది. ఆదెమ్మ కాసేపు మంచం దగ్గర, కాసేపు గుమ్మం దగ్గర.

పొక్కులు ఎండి రాలిపోయేదాకా ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని నందిగామ నుంచి వచ్చి టీకాలు వేసినాయన మరీ మరీ చెప్పి వెళ్లాడు. కానీ వాళ్ల పేటలో ఎవరికి జబ్బు చేసినా చర్చి సంఘమంతా వచ్చి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయాల్సిందే. పొద్దున ఆదెమ్మ ఎంత బతిమాలినా వినకుండా, చంటిపిల్లల్ని చంకనేసుకుని మరీ లోపలికొచ్చేశారు. మళ్లీ సాయంత్రం వస్తామని వెళ్లారు.

వీధి చివర హిందువుల ఇళ్లకు వేపమండలు వేలాడుతున్నాయి. అమ్మవారు పోసిన ఇల్లని గుర్తు. పరాయివాళ్లు ఆ గడప తొక్కరు. ఆదెమ్మ చరచరా వెళ్లి నాలుగు మండలు విరుచుకొచ్చి తన గుమ్మానికి కట్టేసింది.

సాయంత్రం సంఘం వచ్చింది. ఆ మండలు చూసి వీధిలోనే ఆగిపోయింది. సంఘపెద్ద ఇశ్రాయేలు మొహం కందగడ్డయింది.

"బాప్తిస్మం తీసుకున్నదానివి, ఏందే ఈ పని? తీసెయ్ అవి! లేకపోతే సంఘంలోంచి వెలేస్తాం."

ఆదెమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వెలేసుకోండయ్యా. లోపలికి మాత్రం రాబాకండి. ప్రార్థన అక్కణ్ణుంచే చెయ్యండి, దేవుడికి వినపడుద్ది."