పదిహేడు వేలంటే శని

మా బావకి దేవుడి మీద నమ్మకం అందరికీ ఉన్నంతే ఉంది. అంకెల మీద మాత్రం అంతకు పదింతలుంది. ఇరవై నాలుగో తారీకున పుట్టాడు కాబట్టి ఆయన అంకె ఆరు. కారు నెంబరు కూడితే ఆరు, ఫోను నెంబరు కూడితే ఆరు. షాపు షట్టరు తొమ్మిది గంటల ఆరు నిమిషాలకి లేస్తుంది, ఎందుకంటే తొమ్మిదీ ఆరూ పదిహేను, అది కూడినా ఆరే. తొమ్మిదింటికే వచ్చిన కస్టమరు షట్టరుకి ఎదురుగా నిలబడి మా శుభఘడియ కోసం చెమటలు కక్కాల్సిందే.

షాపు వన్ టౌన్‌లో ఉంది. ఒక ఆటో ఆగితే వెనకాల ఆటో రోడ్డు దాకా వెనక్కి పోవాల్సిన సందు. క్లినిక్కులకీ, ట్యూషన్ సెంటర్లకీ, రొయ్యల కంపెనీలకీ యాక్రిలిక్ ప్లాస్టిక్ అక్షరాలు కోసి బోర్డులు చేస్తాం. కోసేది సీఎన్‌సీ రూటర్. పెద్ద బల్ల, దాని మీద గిర్రున తిరిగే బిట్టు. కంప్యూటర్లో గీసిన గీత మీదుగా ఆ బిట్టు పరిగెత్తి షీటుని కోసేస్తుంది. మెషిను బావది, దాన్ని నడిపేది ఆయన బామ్మర్దినైన నేను. అంతకుముందు అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో ప్లాస్టిక్కే కోశాను. కాంట్రాక్టు అయిపోయాక అక్క చెప్పి నన్నిక్కడ పెట్టించింది. పని తెలుసన్న పొగరు నాకుంది, దాచుకోను.

ఈ పనిలో చూసుకోవాల్సినవి మూడే. బిట్టు ఎంత వేగంగా తిరుగుతుంది, ఎంత వేగంగా ముందుకు నడుస్తుంది, దానికి కోసే అంచులు ఎన్ని. ప్లాస్టిక్కుకి వేడి పడదు. బిట్టు విపరీతంగా తిరుగుతూ మెల్లగా నడిస్తే ఒకచోటే రాసుకుని కరిగిస్తుంది. నైలాన్ చీర మీద ఇస్త్రీ పెట్టె ఆపితే ఏమవుతుందో అదే అవుతుంది. అందుకని తిరగడం కాస్త తగ్గించాలి, నడక పెంచాలి, పొట్టు బయటికి పోవడానికి చోటుండేలా ఒంటి అంచు బిట్టు పెట్టాలి. పొట్టు పోతూ పోతూ వేడిని కూడా పట్టుకుపోతుంది. ఇంతకుమించి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

ఉందని తేల్చినవాడు సిద్ధాంతి గారు. గాజువాకలో ఆయనకి ఏసీ గది, టోకెన్లు, టోకెన్లు ఇవ్వడానికి ఒక అమ్మాయి. మెషిను కొన్న వారమే బావ వెళ్ళి దాని జాతకం రాయించుకొచ్చాడు. తిరిగే వేగం నిమిషానికి ఇరవై నాలుగు వేల చుట్లు, కూడితే ఆరు. నడిచే వేగం నిమిషానికి ఆరు వందల మిల్లీమీటర్లు, అదీ ఆరే. బిట్టుకి ఒంటి అంచు అశుభం, ఏదైనా జంటగా ఉండాలి కాబట్టి రెండంచులది. ప్లాస్టిక్కుని కరిగించమని ఎవరైనా నన్నడిగితే నేను రాసిచ్చే చీటీ అక్షరం పొల్లు పోకుండా అదే.

మొదటి బోర్డుకే మెషిను దగ్గర కాలిన కంపు. కోసిన చోట ప్లాస్టిక్ పాకంలా కరిగి, బిట్టు దాటగానే మళ్ళీ అతుక్కుపోయింది. ముందు కోసుకుంటూ వెనకాల అతికించుకుంటూ పోయే యంత్రం ప్రపంచంలో మా ఒక్కరి దగ్గరే ఉండి ఉంటుంది.

“బావా, పదిహేడు వేలు పెడతాను, నడక రెండు వేలు. ఒక్కసారి సూడు,” అన్నాను.

బావ వేళ్ళ మీద లెక్కేసుకుని ఉలిక్కిపడ్డాడు. “ఒకటీ ఏడూ ఎనిమిది! ఎనిమిదంటే శని అంకెరా బాబూ. నా మెషిను మీద శనిని కూకోబెడతావేటి?”

“ప్లాస్టిక్కుకి జాతకం ఉండదు బావా.”

“దానికి లేపోతే నాకుంది కదేటి!”

దీనికి జవాబు ఏ ఫ్యాక్టరీలోనూ నేర్పరు. రోజూ ఉదయం ఆ మాటే అన్నాను, రోజూ ఆ శనే అడ్డొచ్చాడు. పాడైన షీటు నా చేతి తప్పు, బాగా వచ్చిన షీటు సిద్ధాంతి గారి చలవ. షాపులో నిమ్మకాయలు రెండు రోజులకోసారి మార్చేవాళ్ళం. బిట్టు మాత్రం మొద్దుబారినా మార్చేవాళ్ళం కాదు.

ఒక పళ్ళ డాక్టరు గారి బోర్డు, అంచులన్నీ గార పట్టిన పళ్ళలా తయారై వెనక్కి వచ్చింది. ఆ రోజు బావ కేకలెయ్యలేదు. కుర్చీలో కూర్చుని మెల్లగా అన్నాడు: “ఇంకొక్క షీటు పాడైతే నువ్ ఇంటికెల్లిపో. ఆటోనగర్ నుంచి ఇంకోడ్ని తెచ్చుకుంటాను.”

అరిస్తే నేనూ అరిచేవాణ్ణి. మెల్లగా అన్నాడు కాబట్టి భయమేసింది. నలభై దాటినవాణ్ణి అచ్యుతాపురంలో గేటు లోపలికి కూడా రానివ్వరు. నాకు వచ్చింది ఈ పనొక్కటే, ఉన్నది ఈ మెషినొక్కటే. ఇంటికెళ్ళి అక్కతో చెప్పుకుంటే, “ఆయన సెప్పిన ఆరో ఏడో పెట్టేసి నోర్మూసుకోరా. నా కాపరంలో నిప్పులొయ్యకు,” అంది.

నోరు మూసుకున్నాను. చేతులు మాత్రం ఊరుకోలేదు. బావ ఒక రిసార్టు బోర్డుకి కొలతలు తియ్యడానికి భీమిలి వెళ్ళినరోజు ఒంటి అంచు బిట్టు బిగించి, పదిహేడు వేలు, రెండు వేలు పెట్టి ఒక హోటలు బోర్డు కోసేశాను. పొట్టు కోరిన కొబ్బరిలా ఎగిరిపడింది. అక్షరం చేత్తో తీస్తే దానంతటది ఊడొచ్చింది.

సాయంత్రం బావ వచ్చి అంచు తడిమి చూశాడు. “సూసావా? నిన్న నిమ్మకాయ మార్చాను కదా!” అన్నాడు. అప్పటికే అంకె మళ్ళీ ఇరవై నాలుగు వేలకి తిప్పేసి ఉంచాను.

ఆ తర్వాతే సిద్ధాంతి గారు స్వయంగా మా షాపుకి వేంచేశారు. గాజువాకలో గది చాలక రెండోది తీసుకున్నారట, దానికి నిలువెత్తు బోర్డు కావాలి. బావ టీ చెప్పడానికి సందు చివరికి పరిగెత్తాడు. ఆయన గోడకి ఆనించిన బోర్డులు చూస్తూ, గార పళ్ళ డాక్టరు బోర్డు మీద వేలు పెట్టి తీసేశారు, హోటలు బోర్డు దగ్గర ఆగిపోయారు.

“ఇదెలా కోశావు నాయనా?”

చెప్పాను. అంకెతో సహా చెప్పాను. ఆయన గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. “నాది ఇలాగే కొయ్యి. మీ బావకి చెప్పక్కర్లేదులే.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా అన్నం ఈయన అంకె మీద వేలాడుతోంది, ఈయన బోర్డుకి మాత్రం ఆ అంకె పనికిరాదు! బావ టీలతో రాగానే, షీటు బల్ల మీద బిగించి, సందంతా వినపడేలా అడిగాను: “సిద్ధాంతి గారూ, మీ బోర్డుకి స్పీడెంత పెట్టమంటారు? ఇరవై నాలుగు వేలేనా?”

సిద్ధాంతి గారు షీటు వంక చూశారు. బావ వంక చూశారు. కళ్ళు మూసుకున్నారు. నిజం ఒప్పుకుంటే పరువు పోతుంది, ఒప్పుకోకపోతే బోర్డు పోతుంది. ఇక ఎటూ కదల్లేడని నేను లోపల పండగ చేసుకుంటున్నాను.

కళ్ళు తెరిచారు. “పదిహేడు వేలు.”

“శని కదండీ!” అన్నాడు బావ.

“శని దేనికి అధిపతి? ఇనుముకి. ఈ ఊరు దేని మీద బతుకుతోంది? స్టీలు ప్లాంటు ఇనుము మీద. నీ మెషిను దేంతో చేశారు? ఈ ఊళ్ళో శని శత్రువు కాడు నాయనా, ఇంటి పెద్ద. ఇన్నాళ్ళూ నువ్వు పెద్దాయన్ని గుమ్మం బయట నిలబెట్టావు.”

తడుముకోకుండా చెప్పారు. బిట్టు కూడా ఒంటి అంచుదే పెట్టమన్నారు, ఇంటికి పెద్ద ఒక్కడే ఉంటాడు కాబట్టి.

బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతిలో టీ గ్లాసులు కింద పెట్టి ఆయనకి దణ్ణం పెట్టాడు. బోర్డు అద్దంలా వచ్చింది. నా ఉద్యోగం నిలిచింది, ఆ రోజు నుంచి మా షాపులో పాడైన షీటు లేదు. కానీ ఆయనకి దణ్ణం పెట్టగానే బావ నా వైపు తిరిగి ఆడిన మాట ఇప్పటికీ మెషిను ఆన్ చేసిన ప్రతిసారీ ఒంటికి కారం రాసినట్టు గుర్తొస్తుంది.

“విన్నావేట్రా? పదిహేడు వేలంట! ఇన్నాల్నుంచి మెషిను మీద కూకున్నావ్, ఒక్కసారైనా ఈ ముక్క నాతో సెప్పావేటి?”