రబ్బరు వాడని మా సారు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున మా ఫిజిక్స్ సారు పోయారని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పారు. అన్నం తిని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట. మీలో చాలామందికి ఆయనెవరో తెలియదు. అనంతపురంలో మా కాలేజీ ల్యాబులో నేను పదకొండేళ్లు ఆయన కింద అసిస్టెంటుగా పనిచేశాను. వార్త విని ఏడవలేదు గానీ, ఆ రోజు ల్యాబు తాళం తీయడానికి చెయ్యి రాలేదు.

సారుకు రబ్బరంటే పడదు. ఎవరి దగ్గర కనబడినా తీసి జేబులో వేసుకునేవారు. అంకె తప్పు రాస్తే అడ్డంగా ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాయాలి. గీత కింద పాతది కనబడాలి. "యాడ తప్పినామో మళ్లీ చూసుకోవద్దా అప్పా?" అనేవారు. నాకది చాదస్తంగా ఉండేది.

కొన్నేళ్ల కిందట కంబదూరు దాటాక ఒక పల్లెలో పాత ఇనుము కొనే అతనికి చేతులు బొబ్బలెక్కాయి. ఇది మామూలు కాలడం కాదు, రేడియేషన్ అని డాక్టరు అనుమానపడ్డాడు. ఏదో ఫ్యాక్టరీ తుక్కులో వేలెడంత లోహపు ముక్క వచ్చిందట. పనికిరాదని పారేశాడు, ఎక్కడో గుర్తులేదు. దాన్ని తీసే బృందం మరుసటి రోజుకు గానీ రాదు. ఈలోగా ఏ ఇళ్లు ఖాళీ చేయించాలో చెప్పమని తహసీల్దారు మా సారును అడిగాడు.

రేడియేషన్ కొలిచే మిషను, కాలేజీ కౌంటరు పట్టుకుని ఇద్దరం పోయాం. చోటు చోటుకూ పోయి నిమిషం నిలబడి, మిషను చూపిన అంకె రాయడం నా పని. సారు గళ్ల కాగితం మీద పల్లె పటం గీసుకుని, ఒక్కో అంకె అందగానే, ముక్క ఉండే అవకాశమున్న గళ్లను పెన్సిల్‌తో ఇంకాస్త నల్లగా చేస్తూ పోయారు.

"ఏం సారూ, ఒక్కతూరి చూస్తే చూపీదా మీ మిషను?" అని ఒకాయన అడిగాడు.

"ఎవురింట్లోనో ఇంగువ పోపేస్తే, ఒక్క తావున నిలబడితే ఎవురిల్లో తెలుస్తాదా అన్నా? నాలుగు దిక్కులా తిరగాల. వాసన రాని చోటికి గూడా పోవాల," అన్నారు సారు.

నా సంగతి ఇక్కడే చెప్పాలి. మిట్టమధ్యాహ్నం. ఒక రేకుల ఇంటి వెనక, సర్కారు తుమ్మ కంపలో చివరి చోటు మిగిలింది. నేను పోలేదు. పక్క చోట వచ్చిన పన్నెండునే ఇక్కడా రాసేశాను. పన్నెండంటే ఏమీ లేనట్టే.

దాంతో కాగితం మీద నలుపంతా అవతలి వీధిలో, ఒక ముసలావిడ ఇంటి మీద పేరుకుంది. జనం ఆమె మంచం బయట పెట్టారు. "నా కొంపలో ఏముండాదిరా, నేను తప్ప!" అని ఆమె అందర్నీ తిట్టిపోసింది. సారు మాత్రం కాగితం మీంచి చూపు తిప్పలేదు. "ఈ పన్నెండు మిగతావాటితో కలవడంల్యా," అన్నారు. అప్పుడైనా నేను నిజం చెప్పలేదు. ఆయనే కౌంటరు తీసుకుని కంపలోకి పోయారు. తిరిగొచ్చేసరికి చొక్కా చెయ్యి చిరిగి ఉంది.

"మూడు వందలు దాటింది. రేకులింటోళ్లను ఇప్పుడే బయటికి పంపీండి."

ఆ వెనక గోడకు ఆనుకునే ఆ ఇంటి పిల్లలిద్దరూ పడుకుంటారట. మరుసటి రోజు బృందం ఆ కంపలోనే ముక్కను తీసింది.

ముసలావిడ మంచం ఒక పక్క సారు, ఒక పక్క నేను పట్టుకుని మళ్లీ లోపల వేశాం. "లెక్క నాదే తప్పిందవ్వా," అన్నారాయన. ఆయనకు తెలియలేదు, బతికిపోయాను అనుకున్నాను. తర్వాత ఏడేళ్లు రోజూ ఆయనతో టీ తాగాను. రోజూ రేపు చెబుదామనుకున్నాను.

పెద్దకర్మ నాడు ఆయన భార్య, "ఇవి ల్యాబువంటప్పా, నువ్వే తీసుకో," అని నోటుబుక్కుల కట్ట నా చేతిలో పెట్టారు. ఆ పల్లె పేజీ వెతికాను. పన్నెండు మీద ఒక్క గీత. పక్కన కొత్త అంకె. కింద సన్నటి అక్షరాలు: "ఈ చోటికి మనిషి పోలేదు. అంత ఎండలో పంపింది నేను. తప్పు నాది."

అప్పుడు ఏడ్చాను. ఆ పేజీ ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. గీత కింద నా పన్నెండు స్పష్టంగా కనబడుతోంది.