బదులు పలకని గోడ

శుక్రవారం సాయంత్రం ఆఫీస్ నుంచి అటే అట్లాంటా విమానాశ్రయానికి వెళ్లి డెట్రాయిట్ విమానం ఎక్కాను. కారణం ఒక పాత జాజ్ ఆల్బమ్. నలుగురు నల్లజాతి సంగీతకారులు ఖాళీ చర్చిలో కూర్చుని రికార్డు చేశారు. ఒక ముక్క వాయించి ఆగుతారు. గోడ తిప్పి పంపిన ధ్వనికి మళ్లీ జవాబు వాయిస్తారు. ఆ పద్ధతిని తరవాత ఎంతమంది అనుకరించారో లెక్కలేదు. మొన్న నా మిత్రుడు సుధీర్ పంపిన క్రిస్మస్ ఫొటోలో ఆ చర్చిని గుర్తుపట్టాను. ఆల్బమ్ అట్టమీద ఉన్న కిటికీలే! ఇప్పుడది వాళ్ల తెలుగు క్రైస్తవ సంఘానిది.

నలుగురిలో మిగిలింది సాక్సఫోన్ వాయించిన పెద్దాయన ఒక్కరే. ఆయన్ని చివరిసారి అక్కడ వాయింపజేద్దామని ఆయన కూతురు రూత్‌ని ఫోన్‌లో ఒప్పించాను.

శనివారం ఫార్మింగ్టన్ హిల్స్‌లో సుధీర్ ఇంట్లో ఇడ్లీ తిని కార్‌లో బయలుదేరాం. మంచు కురుస్తూనే ఉంది. చర్చి దగ్గరపడేకొద్దీ కిటికీలకు చెక్కలు కొట్టిన ఇళ్లే.

పెద్దాయన చక్రాల కుర్చీలో వాకిట్లోనే ఉన్నారు.

"ముగ్గురూ పోయారు. ఈ గోడ బదులిస్తే మాత్రం నాకు వాళ్లే పలికినట్టుంటుంది," అన్నారు.

లోపల అడుగుపెడితే నా బూట్ల చప్పుడు నాకే వినబడలేదు.

"కార్పెట్ పోయినేడు వేయించాంరా," సుధీర్ గర్వంగా చెవిలో చెప్పాడు. "గోడలకి ఫోమ్ ప్యానెల్స్ కూడా. అంతకుముందు పాస్టర్ గారి మెసేజ్ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మాటకి మాట తిరిగొచ్చేసేది. దీనికోసం ఎంత ప్రేయర్ చేశామో!"

పెద్దాయన ఒక ముక్క వాయించి ఆగారు. తల పక్కకి వంచి ఎదురుచూశారు. మళ్లీ వాయించారు.

"వచ్చిందా?" కూతుర్ని అడిగారు.

"వచ్చింది నాన్నా," అంది రూత్.

"బాగా వినిపించింది సార్," అన్నాడు సుధీర్. నేనూ తలూపాను.

"అయితే సన్నటి శబ్దాలు నా చెవులకి అందడం లేదన్నమాట," అంటూ ఆయన సాక్సఫోన్ పెట్టెలో పెట్టేశారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఆదివారం విమానాశ్రయంలో ఉండగా రూత్ ఫోన్ చేసింది. "నాన్న సాక్సఫోన్ ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు. ఇక వాయించరట."

ఆయనకే ఫోన్ ఇమ్మన్నాను. కార్పెట్ సంగతి, ప్యానెళ్ల సంగతి దాచకుండా చెప్పేశాను. మీ చెవులు బాగానే ఉన్నాయన్నాను.

"అయితే వాళ్లు ముగ్గురూ ఇప్పుడు పోయారు," అని ఫోన్ పెట్టేశారు.

విమానంలో ఆల్బమ్ పెట్టబోయి మానేశాను. ఏడుపొచ్చింది. ఆ చర్చి చూడాలనుకునేవాళ్లు ఆదివారం మధ్యాహ్నం వెళ్లండి. తెలుగు ఆరాధన ఉంటుంది, కొత్తవాళ్లని ఆప్యాయంగా పలకరిస్తారు. కిటికీలు అట్టమీద ఉన్నట్టే ఉన్నాయి. ప్రసంగం ప్రతి మాటా స్పష్టంగా వినబడుతుంది.