బార్కస్ జామచెట్టు మీద పిచ్చుకంత వడ్రంగి పిట్ట

సైదాబాద్‌లో మా పెరటి మునగచెట్టు ఎండుకొమ్మను పిచ్చుకంత పిట్ట ఒకటి వారం రోజులు టకటకా కొట్టింది. మా ఆయన చూడకుండానే పిచ్చుక అన్నారు. అత్తమ్మ కంసాలి పిట్ట అన్నది. కంసాలి పిట్ట ఆకుపచ్చగా ఉంటుందని, ఇది నలుపు తెలుపు చారలదని నాకు తెలుసు, అయినా నోరు తెరవలేదు. ఆ ఆదివారమే అత్తమ్మ కొమ్మ కొట్టించింది, పిట్ట మళ్ళీ రాలేదు. అదేమిటో తెలిసేదాకా నాకు మనసు కుదరలేదు. మా ఆయన ఆఫీసులో పిట్టల సంగతి తెలిసిన ఒకాయన, "చిన్నజాతి వడ్రంగి పిట్ట కావచ్చు, పాతబస్తీ పక్కన బార్కస్ జామతోటల్లో వెతకండి" అన్నారట.

మార్చిలో ఒక ఆదివారం ఆరున్నరకు ఆటో ఎక్కాం, నూట ఎనభై రూపాయలు.

"పొద్దుపొద్దుగాల బార్కస్‌ల ఏం పని అన్నా?" అన్నాడు డ్రైవర్.

"చిన్న వడ్రంగి పిట్టను చూడనీకె. పిచ్చుకంతనే ఉంటదట" అన్నారు మా ఆయన.

"పిచ్చుకంత ఉంటే పిచ్చుకనే గదన్నా. మీ ఇంటికాడ లేవా?"

మా ఆయన కూడా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

ఆ ఆఫీసాయన రాసిచ్చిన మొదటి తోట ఇప్పుడు టైల్స్ గోదాం. రెండోది ఫంక్షన్ హాల్. ఎనిమిదిన్నరకు ఒక సందులో గోడమీదుగా ముసలి జామచెట్టు కనిపిస్తే తలుపు కొట్టి పిట్ట ఉందా అని అడిగాం. ఒక పెద్దావిడ తొంగిచూసి, "అసుంటి పిట్టేం లేదు, చూస్తే చూడున్రి. లోపట ఆడోళ్ళున్నరు. బాబు బయట కూసోవాలె. బేటీ, నువ్వు రా" అన్నది. ఫోనూ, బైనాక్యులరూ మా ఆయన దగ్గరే ఉండిపోయాయి. మళ్ళీ తలుపు తీయమని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

వాకిట్లో జామచెట్టు, దానికి బొటనవేలంత లావు ఎండుకొమ్మలు. వాటి మధ్య మణికట్టంత లావైన దానికి అడుగున చిన్న రంధ్రం. రంధ్రం పక్కనే పిట్ట: గోధుమరంగు తల, నల్లటి వీపు మీద తెల్లటి చారలు, తెల్లటి కన్ను. తోకను కొమ్మకు ఆనించి నిలువుగా పాకుతున్నది. పిచ్చుక అలా పాకదు. మా మునగచెట్టు పిట్ట ఇదే. నోట్లో పురుగుతో రంధ్రంలో దూరింది.

"గా ఎండుకొమ్మ పదింటికి కోయిస్తున్న. రేపు బిడ్డ నిఖా, షామియానా ఎయ్యాలె" అన్నది పెద్దావిడ, చాయ్ ఇస్తూ.

చాయ్ కింద పెట్టేశాను. "కోయొద్దు ఖాలా."

"ఏందమ్మా?"

"కోయొద్దు. లోపట పిల్లలున్నయ్." ఈసారి వాకిట్లో ఆడవాళ్ళంతా నావైపు తిరిగారు.

ఆమె కొమ్మకు చెవి ఆనించింది. "చీంచీం అంటున్నయ్," అని కూతురిని పిలిచి, "గీ మూలకు షామియానా వద్దని మీ అబ్బాకు చెప్పు" అన్నది. నావైపు తిరిగి, "రేపు పదిమందికి నీడ తక్కువైతే నిన్నే తిడ్త" అన్నది.

బయట మా ఆయన, "ఫోటో ఏది?" అన్నారు.

"ఫోన్ మీ జేబుల్నే ఉంది."

"మరి ఎవరు నమ్ముతరు?"

నమ్మకపోతే పోనీ. కానీ ఈ పిట్టకు అడవి అక్కర్లేదు, పండ్లచెట్టూ ఒక ఎండుకొమ్మా చాలు. ఆ ఒక్కటే మనం చెత్త అనుకుని ముందుగా కొట్టేస్తాం. మా ఇంట్లో అది జరుగుతుంటే నేను చూస్తూ నిలబడ్డాను, ఇప్పటికీ నా మీద నాకే కోపం.

మీరు వెళ్తే ఎనిమిదికి ముందే వెళ్ళండి. పిట్ట ఉందా అని అడిగితే లేదనే అంటారు. ఎండుకొమ్మ ఎప్పుడు కొట్టిస్తారో అడగండి.